చెయ్యి విడిచిన చోట ఆగే బల్ల

మొన్న ఆదివారం ప్రార్థనకు వెళ్లి వచ్చి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే కన్నుమూశారు ఇస్నాపూర్ దేవదానం గారు. ఆ దుర్వార్త నేను నమ్మలేదు. కబురు తెచ్చిన మనిషి మీద కోప్పడ్డాను కూడా. ముందు రోజే కదా, కుంచెలు కడగకుండా ఎండబెట్టానని గోడ మీంచి నన్ను కసిరారు.

పటాన్‌చెరు కర్మాగారంలో జీవితమంతా ఇనుము తరిమే లేతు యంత్రం మీద పనిచేసిన ఆ శ్రామికుణ్ణి ఎవరూ శిల్పి అనలేదు. నేనంటాను. కుండల మీద బొమ్మలు వేసి బతికే నాకు రోడ్డు ప్రమాదంలో ఎడమ చెయ్యి దెబ్బతిని, కుండను ఎత్తి తిప్పే శక్తి పోయింది. ఒకవైపు రంగు వేసి, లేచి, చుట్టూ నడిచి రెండోవైపు వేసేదాన్ని. ఇక ఈ వృత్తి మానేద్దామని నిశ్చయించుకున్న రోజుల్లో, పక్కింటి పెద్దబాపు, అంటే దేవదానం గారే, టేపు పట్టుకుని వచ్చారు. ముందు కొలిచింది కుండను కాదు, నేల నుంచి నా మోచేతి ఎత్తును.

"పని చేస్తుంటె భుజం లేవొద్దు బిడ్డా. ఇనుము సంగతి తర్వాత" అన్నారు.

వారం తిరక్కుండా పాత బేరింగు మీద గుండ్రటి చెక్క బిగించి తెచ్చారు. వేలితో తాకితే చాలు, గిర్రున తిరిగేది. ఎంత సులువుగా తిరిగితే అంత మంచి పని అన్నది లేతు మనిషిగా ఆయన సిద్ధాంతం, ఆయన గర్వం. తీరా కుంచె ఆనించగానే బల్ల పరుగెత్తింది. నేను వేస్తున్న నెమలి మెడ కుండ చుట్టూ సాగి పాములా తయారైంది. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. చాలాసేపు నా చేతినే చూస్తూ కూర్చున్నారు.

"నేను తిరుగుడే సూసిన. నీకు ఆగుడు గావాలె."

చెక్క కింద దళసరి ఉన్నిగుడ్డ పెట్టి నట్టు బిగించారు. అప్పటినుంచి బల్ల చెయ్యి విడిచిన చోట నిలిచింది, నా వృత్తీ నిలిచింది. పొరపాటు ఒప్పుకోవడంలో అంతటి వినయం పండితుల్లోనూ అరుదుగా చూశాను. ఆ తర్వాత అడిగినవారికల్లా చేసిచ్చారు. ఏ రెండు బల్లలూ ఒకే ఎత్తులో ఉండవు.

భూస్థాపన జరిగిన మూడోనాడు ఆయన సహధర్మచారిణి సుగుణమ్మ గారు సగం చేసిన బల్ల ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. కొల్లూరు కాలనీలో సీసాల మీద పూలు వేసే ఒకామెకు పక్షవాతం వచ్చిందట. ఆమె కోసం మొదలుపెట్టారట.

"ఆయన లేడని ఆమె పని ఎందుకు ఆగాలె? నువ్వు సూసినవ్ గదా, నువ్వే చెయ్యి."

పానా సరిగ్గా పట్టడం రాని నాకు ఏడుపొచ్చింది. అయినా బల్ల పట్టుకుని కొల్లూరు వెళ్లాను. ఆమె తాకగానే బల్ల గిర్రున తిరిగింది, సీసా ఒరిగింది. ఉన్నిగుడ్డ కత్తిరించి పెట్టి, ఒంటి చేత్తో బిగించాను. మూడుసార్లు విప్పి, మళ్లీ బిగించాను. చివరికి బల్ల ఆమె వేలు ఆగిన చోటే ఆగింది.

పెద్దబాపూ, మీ అంతటి నేర్పరి మాకు మళ్లీ దొరకడు. నట్టు ఎంతవరకు బిగించాలో అడగడానికి ఇక పక్కింట్లో ఎవరూ లేరు. ఆమె మొదటి పువ్వు పూర్తయ్యేదాకా నేను కదలకుండా కూర్చుని ఆమె చేతినే చూశాను. మీకు నా అంజలి అదే.