రేకుల కుండ మీద మెరుపు

మా అత్తయ్య పెనుగొండ గుడికి వెళ్లిన రోజే నేను మెరుపు తయారుచేయటానికి కూర్చోవటం యాదృచ్ఛికం కాదు. ఆవిడ ఇంట్లో ఉంటే మెరుపుని కూడా కాళ్లు కడుక్కుని రమ్మంటుంది.

మాది ఆత్రేయపురం. అత్తయ్య పూతరేకులు చేసి అమ్ముతుంది. మర్నాడు మధ్యాహ్నానికి ఒక నిశ్చితార్థం వాళ్లకి పెద్ద ఆర్డరు అందించాలి. వెళ్తూ వెళ్తూ మావయ్యకి ఒక్కటే చెప్పింది. "కుండ జాగ్రత్తండీ." ఇంటి గురించి గానీ, నా గురించి గానీ ఆ స్థాయి ఆందోళన ఏమీ కనబరచలేదు.

ఆ కుండ సంగతి అలాంటిది. బోర్లించి, కింద కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని పైన ఒక్కసారి లాగితే కాగితంలాంటి రేకు లేస్తుంది. కొత్త కుండ మీద లేవదు. ఏళ్ల తరబడి నూనెగుడ్డతో తుడిచి తుడిచి దాన్ని దారికి తెచ్చుకోవాలి. మావయ్య కూడా అలా వచ్చినవాడే.

నేను చేస్తున్నది టెస్లా కాయిల్. తీగ చుట్టిన గొట్టం, పైన గుండ్రటి లోహపు తల. కరెంటు ఇస్తే ఆ తలలోంచి గాల్లోకి నిప్పురవ్వలు వస్తాయి. గొట్టం కుళాయి పైపు ముక్క. తీగ చచ్చిపోయిన స్టెబిలైజరు కడుపులోది. ట్రాన్సిస్టరు పాత యాంప్లిఫయరుది. బ్యాటరీ పొలంలో మందు కొట్టే స్ప్రేయరుది. మొత్తమ్మీద ప్రాణం ఉన్న భాగం అదొక్కటే. తీగ చుట్టేటప్పుడు మావయ్య రీలు పట్టుకున్నాడు. సగంలో తుమ్మాడు. మళ్లీ మొదటినుంచీ చుట్టాం.

ఇక తల కావాలి. నేను చూసి నేర్చుకున్న వీడియోలో అది నున్నగా, గుండ్రంగా ఉండాలన్నారు. ఇల్లంతా వెతికితే ఆ లక్షణాలున్నది ఒక్కటే కనిపించింది.

"దానికేం అవుద్దిరా? పైన రేకు చుడతాం, తీసేస్తాం. అది పుట్టిందే రేకుల కోసం," అన్నాడు మావయ్య.

వంటింటి అల్యూమినియం కాగితాన్ని జిగురుతో కుండకి అంటించి, గొట్టం మీద బోర్లించి, స్విచ్చి వేశాను. ఊదారంగు నిప్పురవ్వ వచ్చింది. మినపగింజంత. మావయ్య రెండడుగులు వెనక్కి వేసి, చూసి, రెండడుగులూ తిరిగి ముందుకు వచ్చేశాడు. కానీ మాడిపోయిన ట్యూబులైటు దగ్గరికి తెస్తే, వైరు లేకుండానే వెలిగింది. స్విచ్చి ఆపేశాక కూడా నేను దాన్ని పట్టుకుని వరండాలో ఊరేగుతుంటే, లోపల మావయ్య సాక్ష్యాలు చెరిపే పనిలో పడ్డాడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క గ్లాసు కడగని మనిషి, గిన్నెల సబ్బూ స్టీలు పీచూ తీసుకుని, జిగురు మరక పోయేదాకా కుండని తోమేశాడు.

"ఎలా ఉందిరా? కొత్తదానిలా లేదూ?"

ఇటుకరంగులో మెరిసిపోతోంది.

"కొత్తదానిలాగే ఉంది మావయ్యా."

అప్పుడు అర్థమైంది ఇద్దరికీ.

అత్తయ్య రాత్రి పొద్దుపోయాక తిరిగొచ్చింది. తెల్లారకుండానే పొయ్యి వెలిగింది. మొదటి రేకు కుండని వదల్లేదు. రెండోది ముక్కలైంది. అత్తయ్య గుడ్డ పక్కన పెట్టింది.

"ఏవండీ, దీనికి తలంటు ఎవరు పోశారు?"

"మెరుపు పడిందే," అన్నాడు మావయ్య. అబద్ధం కూడా కాదు.

అత్తయ్య వంగి వాసన చూసింది. "మెరుపు నిమ్మకాయ వాసనొస్తుందా అండీ?"

శిక్ష అక్కడికక్కడే అమలైంది. మావయ్య మంట ముందు కూర్చుని, నూనెగుడ్డతో కుండని తుడుస్తూ, ఆకులు ఎగదోస్తూ, పొగకి ఏడుస్తూ ఉండిపోయాడు. పశ్చాత్తాపమని పక్కింటివాళ్లు అనుకుని ఉంటారు. చిరిగిన రేకులు పంచదార జల్లుకుని నేను తింటున్నాను. ఎవరో ఒకరు తినాలి కదా.

కుండ దారికి రాకముందే నిశ్చితార్థం వాళ్ల మనిషి బండి మీద వచ్చేశాడు. "ఆయన్ని కాసేపు ఆపరా," అంది అత్తయ్య. నా దగ్గర ఉన్న విద్య ఒక్కటే. కాయిల్ బయటికి తెచ్చి, ఈసారి స్టీలు గిన్నె బోర్లించి, స్విచ్చి వేశాను. అదే మినపగింజంత నిప్పు. గిన్నె సరిపోయేదన్నమాట. ఈ సంగతి లోపలికి వినిపించకుండా ట్యూబు ఆయన చేతికిచ్చాను. వెలిగింది.

ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగుందండి. రేకులేవండి?"

"చుడుతున్నారండి. వైరు లేదు చూడండి."

"చూశానండి. దీంతో ఫ్యాను తిరుగుద్దాండి?"

"తిరగదండి."

"మరెందుకండి ఇది?"

అంతలో లోపల్నుంచి "లేచిందిరోయ్!" అని మావయ్య కేక. ఏళ్లనాటి నూనె మట్టిలో ఇంకా మిగిలే ఉంది కాబోలు, ఆ తర్వాత రేకులు వరసగా లేచాయి. నేను ఆ మనిషికి కాఫీ ఇచ్చాను, ట్యూబు మళ్లీ వెలిగించాను, రెండో కాఫీ కూడా ఇచ్చాను. చివరి పెట్టె బండికి కట్టేసరికి ఆయన ఆలస్యానికి కాదు, ఫ్యాను తిరగనందుకే నొచ్చుకుని వెళ్లాడు.

కాయిల్ ఇప్పుడు అటక మీద ఉంది. మావయ్య గిన్నెలు కడగటం మానేశాడు. అంతకుముందు కడిగిందీ లేదు గానీ, ఇప్పుడు అత్తయ్యే వద్దంటోంది.