ఇంజనులో పూడిక

బోరు నీళ్ళు ఇంజనుకి పనికిరావు. ఈ ముక్క నేను తక్కువలో తక్కువ వందమందికి చెప్పి ఉంటాను. అడిగినవాళ్ళకి చెప్పాను, అడగనివాళ్ళని ఆపి మరీ చెప్పాను. ధవళేశ్వరంలో మా వీధి బోరు నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి. టీ కాచే గిన్నె అడుగున నెల తిరిగేసరికి తెల్లటి పొర కట్టేస్తాయి. గిన్నెలో కట్టే పొర ఇంజనులో కట్టదా అన్నది నా వాదన. అందుకే నా కారు కోసం ఏనాడూ కుళాయి తిప్పలేదు. కాలువ గట్టున ఆపి, డబ్బా ముంచి, తియ్యటి గోదావరి నీళ్ళు పోసేవాడిని. మా వైపు లారీవాళ్ళూ ట్రాక్టరువాళ్ళూ చేసేది కూడా అదే. కాకపోతే వాళ్ళు చేతికి అందుతున్నాయని పోస్తారు, నేను శాస్త్రం తెలిసి పోస్తున్నానని నా గర్వం.

నా ఉద్యోగం కాలువల ఆఫీసులో. ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక, అడుగున ఎంత పూడిక పేరుకుందో కొలిచి, ఎక్కడ ఎంత తవ్వాలో రాసివ్వడం నా పని. రిటైరయ్యేదాకా అదే చేశాను. ఆదివారాలు మాత్రం కారువి. పెళ్ళయిన కొత్తలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న తెల్ల కారు అది, కార్బురేటర్ కాలం నాటిది. కొన్న నెలలోనే ఒక మెకానిక్ ఉన్న రోగం కుదర్చకుండా లేని రోగం తగిలించాడు. నాకు ఒళ్ళు మండి, ఇకమీదట దీనిమీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదని తీర్మానించుకున్నాను. విప్పడం వారంలో వచ్చేసింది. తిరిగి బిగించడం రావడానికి ఏళ్ళు పట్టింది.

ఆ ఏళ్ళన్నీ మా ఆవిడ షెడ్డులో నా పక్కనే ఉండేది. పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, నేను చెయ్యి చాపితే స్పానర్ అందించేది. పదో నంబరా పన్నెండో నంబరా అని నేను చెప్పక్కర్లేదు, బోల్టు చూసి తనే తీసేది. ఆ కారు రేడియేటర్ కొద్దిగా కారుతుండేది, దూరప్రయాణమైతే రెండేసి డబ్బాల నీళ్ళు తాగేది. ఒక వానాకాలం కాలువలోకి ఎర్రనీరు వచ్చినప్పుడు మా ఆవిడ అడిగింది, "మనం తాగడానికైతే బిందెలో తేర్చుకుంటాం కదండీ, దీనికీ తేర్చి పొయ్యకూడదా?" అని. "ఎందుకోయ్, ఇంజనుకి కడుపునొప్పి వస్తుందా ఏంటి?" అని నవ్వేశాను. తనూ నవ్వేసింది.

ఏడేళ్ళ కిందట పిఠాపురంలో మా వదినగారింట్లో, అంటే మా ఆవిడ అక్కగారింట్లో, గృహప్రవేశం. కార్లో బయల్దేరాం. సామర్లకోట దాటకముందే బోనెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. పక్కకి తీసి, కాస్త చల్లారనిచ్చి, తువ్వాలు చుట్టి రేడియేటర్ మూత తీశాను. నీళ్ళు పట్టుకొస్తానని ఊళ్ళోకి నడిచాను. నేను తిరిగొచ్చేసరికి పావుగంట పైనే పట్టింది. ఈలోపల మా ఆవిడ, ముహూర్తం దాటిపోతుందని కంగారుపడి, తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు అందులో పోసేసింది. ఊళ్ళో దొరికితే నాతో తీసుకొచ్చిన మెకానిక్ అది విని నాలుక కరుచుకున్నాడు. "వేడి ఇంజను మీద చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగిలిపోద్దండి," అన్నాడు. హెడ్డంటే ఇంజనుకి పైన మూతలా బిగించే ఇనప దిమ్మ. అతను దేన్నీ విప్పలేదు. కళ్ళతో చూసి తేల్చేశాడు, నేను నమ్మేశాను.

ట్రాక్టరుకి తాడు కట్టి లాగించుకుంటూ పిఠాపురం చేరేసరికి ముహూర్తం అయిపోయి భోజనాలు నడుస్తున్నాయి. పందిట్లో అందరూ ఏమైందని మూగారు. ఎండ, ఆకలి, ట్రాక్టరు వెనక వచ్చిన అవమానం, అన్నీ కలిసి నా నోరు జారింది. "ఏముందండీ, మా ఆవిడ తెలివితేటలకి ఇంజను రెండు ముక్కలైంది," అన్నాను. పందిరంతా గొల్లున నవ్వింది. మా ఆవిడ వడ్డనలోకి వెళ్ళిపోయింది.

ఆ తరవాత తను షెడ్డులోకి రాలేదు. కారుతోపాటు నేను లారీలో ఇంటికొచ్చాను గానీ తను బస్సులో వచ్చింది. నేను గోనెపట్టా కప్పి కారుని మూలకి తోసేశాను. చిక్కుడుకాయలు వరండాలో ఒలుచుకోవడం మొదలైంది. నేను దాన్ని అలక అనుకున్నాను, నాలుగు రోజులు పోతే తగ్గుతుందనుకున్నాను. తగ్గిందో లేదో కనుక్కోవాలని కూడా నాకు తట్టలేదు. ఇది రాయడానికి నామోషీగానే ఉంది, అయినా రాస్తున్నాను.

రిటైరయ్యాక పట్టా తీశాను. ఇనప సామాన్లు కొనేవాడు అప్పటికే రెండుసార్లు గేటు ముందు సైకిలాపి, "ఇచ్చేయండి మాస్టారూ, ఎందుకది," అని అడిగి వెళ్ళాడు. వాడలా అడిగినకొద్దీ నా మొండితనం పెరిగింది. పగిలిన హెడ్డు మారిస్తే సరి కదా అని, ఆ మోడల్ హెడ్డు కోసం తుక్కు దుకాణాలన్నీ తిరిగాను. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, ఒక ఏడాది తిరిగితే చివరికి ఒకటి దొరికింది. పాత హెడ్డు ఊడదీసి, రెండూ రిక్షాలో వేసుకుని రాజమండ్రిలో లేతు షాపుకి పట్టుకెళ్ళాను. కొత్తది చదును చేయించాలి, పాతది ఎంత పగిలిందో చూడాలి.

షాపాయన రెండిటినీ నీళ్ళ తొట్టెలో ముంచి లోపలికి గాలి కొట్టి చూశాడు. పగులుంటే బుడగలు రావాలి. నేను కొన్నదాంట్లోంచి బుసబుసమంటూ వచ్చాయి. నాదాంట్లోంచి ఒక్కటి రాలేదు.

"ఇది పగిలిందని ఎవరు చెప్పారండి?" అన్నాడాయన.

ఇంకోసారి ముంచమన్నాను. ముంచాడు. ఇంకోసారి అన్నాను. "మీరెన్నిసార్లు ముంచమన్నా పగలదండి ఇది," అని నవ్వాడు.

హెడ్డు బాగుంటే మరి ఇంజను ఎందుకు మరిగింది? ఇంటికొచ్చి ఇంజను మీదకి వంగాను. సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరగడానికి కన్నాలుంటాయి. వెనకవైపు కన్నాలు గోధుమరంగులో మూసుకుపోయి ఉన్నాయి. ఊడదీసిన రోజే చూశాను గానీ తుప్పేలే అనుకున్నాను. ఇప్పుడు సైకిలు చువ్వ వంచి లోపలికి పొడిచాను. తుప్పు పెళుసుగా విరగాలి. ఇది మెత్తగా, పొరలు పొరలుగా వచ్చింది. కాస్త నీళ్ళు చిలకరించి వేళ్ళ మధ్య నలిపాను. అంతే, ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ముప్పై ఏళ్ళు ఆ మట్టిని కొలిచి జీతం తీసుకున్నవాణ్ణి. గోదావరి ఒండ్రు. వానాకాలం ఎర్రనీటితో వచ్చేది, పొలానికి ప్రాణం పోసేది. డబ్బాలకి డబ్బాలు ముంచి ఇంజను కడుపులో నేనే పోశాను, అది వెనకాల చేరి గట్టిపడి నీటి దారి మూసేసింది. జిల్లాలో కాలువలన్నిటి పూడికా నాకు తెలుసు, నా కారుది తప్ప.

అక్కడే కింద కూర్చుండిపోయాను. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే పందిట్లో నేనన్న మాట గుర్తొచ్చింది. అది గుర్తురావడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

తవ్వి తీసిన మట్టి చేతికందిన స్టీలు గిన్నెలో వేసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"అది పెరుగు గిన్నె!" అంది మా ఆవిడ.

"హెడ్డు పగల్లేదోయ్," అన్నాను.

కత్తిపీట మీద దొండకాయ ఆగింది. "అయితే నేను పోసిన నీళ్ళ వల్ల కాదా?"

"కాదు. ఇదీ కారణం. ఎర్రనీళ్ళు తేర్చకుండా పోశాను. నువ్వు చెప్పావు కూడా. నాదే తప్పు."

గిన్నెలోకి చూసింది. వేలితో ముట్టుకుంది.

"నాకెందుకండీ చెప్పడం? అప్పుడు నాతో అన్లేదు కదా. పందిట్లో అందరితో అన్నారు."

ఫోన్ చేసి మీ అక్కకీ బావకీ చెప్పేస్తానన్నాను. ఫోన్లో కాదంది. సరే, కారు బాగుచేసి అందులోనే పిఠాపురం వెళ్ళి చెబుదాం, ఎక్కుతావా అన్నాను. "మీరు కార్లో రండి. నేను బస్సులో వస్తాను. చెప్పాక ఎక్కుతానో లేదో చూద్దాం," అని దొండకాయ అందుకుంది.

అప్పటిదాకా కారు బాగవ్వాలన్నది సరదా. ఆ క్షణం నుంచి పంతమైంది. క్షమాపణ చెప్పడానికి బయల్దేరి దారిలో మళ్ళీ మరిగిపోతే, నా మాటకి విలువేముంటుంది? ఒక్క ఆవిరిచుక్క లేకుండా చేరాలి. ఇంజను పక్కన నీటి దారికి మూతలుగా రేకు బిళ్ళలుంటాయి. అన్నీ పీకేశాను. చువ్వలు, చెంచా కాడ, పాత టూత్‌బ్రష్, ఏది దూరితే దాంతో గోకాను. తరవాత మోటారు పైపు పెట్టి నీళ్ళు కొట్టాను. మొదటిరోజు చిక్కటి ఎర్రనీళ్ళు వచ్చాయి. మూడోరోజూ ఎర్రగానే వచ్చాయి. వీధిలో నడుం పట్టుకుని నడుస్తుంటే ఎదురింటాయన, "ఏంటి మాస్టారూ, రిటైరయ్యాక కూడా పూడిక తీస్తున్నారంట?" అని అరుగు మీంచి కేకేశాడు. అవునండి, ఇన్నాళ్ళూ కొలిచాను, ఇప్పుడు తవ్వుతున్నాను అన్నాను. పదకొండో రోజుకి గ్లాసులో పట్టి చూస్తే అవతలి వేళ్ళు కనిపించాయి. పన్నెండో రోజు ఇంకోసారి కొట్టాను, నా మీద నాకు నమ్మకం లేక.

కొత్త బిళ్ళలు కొట్టి, నా పాత హెడ్డే తిరిగి బిగించి, రేడియేటర్ కారడం మాన్పించి, దుకాణంలో అమ్మే ఆకుపచ్చ కూలెంట్ పోశాను. గడువు తీరిపోయిన కారు కాగితాలు మళ్ళీ రాయించుకున్నాను. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, కావాలని ఎండలో కోరుకొండ వెళ్ళొచ్చాను. వేడి చూపించే ముల్లు సగం దగ్గర నిలబడిపోయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. నాలుగోసారికి గుడి కొండకింద కొబ్బరికాయలు అమ్మే ఆవిడ, "ఏం మొక్కుకున్నారండీ?" అని అడిగింది. నిజం చెప్పడానికి ముఖం చెల్లక, ఒక కాయ కొనుక్కుని వచ్చేశాను.

ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ రాజమండ్రిలో పిఠాపురం బస్సెక్కింది. నేను ఆ బస్సు వెనకాలే కారు నడిపాను. బస్సు ఆగినచోటల్లా ఆగాను. వెనక లారీవాడు హారన్ కొడితే కొట్టుకోమన్నాను. సామర్లకోటలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. నా ముఖం చూడలేదు, బోనెట్ చూసింది. ఆవిరి లేదు. తల లోపలికి తీసుకుంది.

మా వదినగారింట్లో హాలునిండా మనుషులు. వదినగారు, మా తోడల్లుడుగారు, వాళ్ళ కొడుకూ కోడలూ, ఆనాడు గృహప్రవేశానికి వచ్చిన పక్కింటి దంపతులు. వాళ్ళని మా ఆవిడే ముందురోజు ఫోన్ చేసి పిలిపించమందని నాకు తరవాత తెలిసింది. మంచినీళ్ళు తాగి నిలబడ్డాను.

"ఆరోజు పందిట్లో నేనో మాటన్నానండి, మా ఆవిడ వల్ల ఇంజను పగిలిందని. అది తప్పండి. ఇంజను పగల్లేదు. తప్పు నాది."

మా తోడల్లుడుగారు పెద్దగా నవ్వేశారు. "అదెప్పటి మాట తమ్ముడూ! మాకెవరికీ గుర్తు కూడా లేదు. కూర్చోండి కూర్చోండి." పక్కింటాయన, "ట్రాక్టరు ఒక్కటే నాకు గుర్తుందండి," అన్నాడు. "మరీ చిన్నదానికి పెద్ద చేస్తున్నారు మరిదిగారూ," అంది వదినగారు. అందరూ నవ్వారు. హమ్మయ్య అనుకుని నేనూ నవ్వుతూ కూర్చోబోయాను.

మా ఆవిడ నవ్వలేదు.

"నాకు గుర్తుంది బావగారూ," అంది. గొంతు పెంచలేదు. "రోజూ గుర్తుంది. ఆయన్ని పూర్తిగా చెప్పనివ్వండి. నించునే చెప్పమనండి. అప్పుడూ నించునే అన్నారు."

అన్న నేను మర్చిపోయాను, విని నవ్వినవాళ్ళు మర్చిపోయారు, ఏడేళ్ళూ ఆ మాట మోసింది తనొక్కతే. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మళ్ళీ లేచి నించుని మొదటినుంచీ చెప్పాను. నేను చేసిన పనేంటో, తనేం హెచ్చరించిందో, దాన్ని నేనెలా నవ్వి కొట్టిపారేశానో, విప్పి చూడకుండా ఎంత తేలిగ్గా నింద వేశానో, ఒక్కటీ దాచలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు, కూర్చోమనలేదు.

చెప్పినంతసేపూ మా ఆవిడ నా ముఖంలోకే చూసింది. అయ్యాక పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుని వాళ్ళక్క వైపు తిరిగింది.

"ఇక వడ్డించక్కా. బస్సుకి తొందరేం లేదు, సాయంత్రం కార్లో వెళ్తాం."