గడ్డకట్టే గదిలో మిగిలిన ఒకటి

అంకె అబద్ధం చెప్పదని మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. (ఇప్పటికీ నమ్ముతాను, కాకపోతే అది ఏ దేశపు గడియారం చెప్పిన అంకె అని ముందు అడుగుతాను.) అప్పట్లో నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు కర్మాగారంలో కంప్యూటరు గుమాస్తాను. గుజ్జు పీపాలను గడ్డకట్టించే గదిలోకి వెళ్లినా, బయటికి వచ్చినా తలుపు దగ్గర కార్డు గీకాలి. సాఫ్ట్‌వేరు జర్మనీది, డేటాబేసులో నమోదయ్యేది వాళ్ల స్థానిక సమయం. దానికి మూడున్నర గంటలు కలిపి మన సమయం రాసుకోవడం నా పని. లోపల ఎవరూ లేరని లెక్క తేలితేనే తలుపు బిగించి శీతల యంత్రాన్ని పూర్తి వేగంతో నడిపేవారు. మనిషి ఉండగా బిగిస్తే ప్రాణం దక్కదు.

అక్టోబరు చివరి ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు తెర మీద 'లోపల: 1' అని ఉంది. ఆ ఒక్కడూ కంబళి మామ. ఎండాకాలంలోనూ కంబళి దించని గదిపనివాడు. బయటికి వచ్చినది ఐదు గంటల నలభై నిమిషాలకు. లోపలికి వెళ్లినది ఆరు గంటల పది నిమిషాలకు. ఆ తరువాత వచ్చిన దాఖలా లేదు. వెనక్కి తిరిగితే, మామ టీ తాగుతున్నాడు.

"మామా, నువ్వు లోపలుండావు."

"ఈడ నిలబడుకోని ఉండాను గదప్పా! కండ్లు కనపళ్ళేదా?"

"కనపడతాండావు. లెక్కలో మాత్రం లోపలే ఉండావు. కార్డు ఎవురికన్నా ఇచ్చినావా?"

"నా మెడలోనే ఉండాది, సూడు."

"మరి లోపలుండేది ఎవురు?"

మామ గ్లాసు కింద పెట్టి తలుపు వైపు నడిచాడు.

తలుపు తెరిచాం. తెల్లని ఆవిరి కాళ్లకు చుట్టుకుంది. పీపాల వరుసల చివర ఏమీ కనిపించడం లేదు. "మామా!" అని కేక వేశాను. "ఆఁ…" అని బదులు వచ్చింది. (పలికినది నా వెనకనున్న మామే, అలవాటు కొద్దీ.) వరుస వరుసా మూడుసార్లు వెతికాం. మూడోసారి మామ గొంతు తగ్గించి, "అప్పా, పొద్దున నేను నిజంగా బయటికొచ్చినానంటావా?" అన్నాడు. అందుకు నా దగ్గర ఆధారం లేదు. ఆ మాటే చెప్పాను.

పది గంటలకు సాఫ్ట్‌వేరు ఇంజనీరు ఫోనులో తేల్చాడు. చలికాలం కోసం ఏటా చేసినట్టే, ఆ వేకువన ఐరోపాలో గడియారాలను గంట వెనక్కి తిప్పారు. మన సమయం ఆరున్నర నుంచి కలపవలసినది మూడున్నర కాదు, నాలుగున్నర గంటలు. మామ బయటికి వచ్చినది ఐదు నలభైకి కాదు, ఆరు గంటల నలభై నిమిషాలకు, అంటే లోపలికి వెళ్లిన అరగంటకు. అన్ని దేశాలకూ ఒకటే అయిన సమయాన్ని నమోదు చేసి, చూపేటప్పుడు స్థానిక సమయంలోకి మార్చుకుని ఉంటే ఈ చిక్కే రాదు. అయితే తెర మీది ఒకటి మాత్రం పోలేదు. ఇంకొకసారి బయటికి వచ్చినట్టు గీకితేనే పోతుందట.

"పాపం, లోపలోణ్ని నేనే పోయి పిల్చుకోనొస్తా" అని మామ లోపలికి వెళ్లి, వస్తూ కార్డు గీకాడు. సున్నా పడింది.

కారణం నిమిషాలతో సహా తెలిసినవాణ్ణి. అయినా తలుపు దాటి వచ్చినవాళ్లను లెక్కపెట్టాను. ఒక్కడే. ఆ కుర్ర గుమాస్తాను తలుచుకుంటే నాకిప్పుడు జాలీ నవ్వూ కలిసి వస్తాయి. తలుపు బిగించేలోపు అతడు రెండోసారి కూడా లెక్కపెట్టాడని మామకు నేనెన్నడూ చెప్పలేదు.