కొసరుకి కట్టిన సుంకం

మా చెల్లెలికీ నాకూ బడి ఇంట్లోనే, గురువు అమ్మే. ఆవిడ నేర్పిన మొదటి లెక్క: తూకం సరిగ్గా వేయాలి, వేశాక కాస్త కొసరు పెట్టాలి. కొసరు పెట్టని చేతికి దేవుడు కూడా కొలిచే ఇస్తాడనేది.

ఇప్పుడు నేను అమెరికాలో, షామ్‌బర్గ్‌లో, చెల్లెలు ఇంగ్లండ్‌లో. బ్రిటన్ యూరప్ కూటమి నుంచి బయటికి వెళ్ళిన రోజుల్లో మా ఆయన ప్రాజెక్ట్ అయిపోయి, వీసా ఏమవుతుందోనని బెంగపడుతున్నాం. సరిగ్గా అప్పుడే కొత్త పని దొరికింది. అంతవరకూ అడ్డులేకుండా తిరిగిన సరుకుకి ఇక సరిహద్దులో కాగితాలు చూపించాలి కదా, ఆ కాగితాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ రాయడం. ఆ పూట పరమాన్నం వండి దేవుడికి పెట్టాను.

చెల్లెలు పచ్చళ్ళు పెట్టి జర్మనీలో ఉన్న మనవాళ్ళకి పంపేది. ఇల్లు గడిచేదే వాటి మీద. సరిహద్దు పడ్డాక పన్నూ, కొరియర్ వాళ్ళ ఫీజూ కలిసి లాభంలో సగం తినేశాయి. అయినా తట్టుకుంది. ఆ తర్వాత పార్శిళ్ళే వెనక్కి రావడం మొదలైంది. ఒక శనివారం పొద్దున వీడియో కాల్‌లో ఏడ్చేసింది.

"ఇంక మానేస్తానక్కా. బావగారు రాసిన ప్రోగ్రామే నా పొట్ట కొడుతోంది."

ఈయన కాఫీ కప్పుతో వచ్చి కూర్చున్నారు. "తిట్లు తర్వాత. ముందు డబ్బాలో ఏం పెట్టావో చెప్పమ్మా."

"ఆవకాయ, గోంగూర. కస్టమ్స్ కాగితంలో అవే డిక్లేర్ చేశాను."

"ఇంకేం లేవా?"

"కంది పొడి పొట్లం ఒకటి. అది కొసరు, బావగారూ!"

"అదే పట్టుకుంటున్నారు. రాయనిది దొరికితే మొత్తం ఆపేస్తారు. దానికీ ధర రాయి."

"ధర రాస్తే అది కొసరెలా అవుతుంది? అక్కా, మీ ఆయనకి లెక్కలొచ్చు గానీ బేరం రాదే!"

"అయితే పెట్టడం మానెయ్."

"అమ్మో!" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ఈయన నవ్వేసి చేతులెత్తేశారు.

చివరికి చెల్లెలు ధర రాసింది గానీ కొన్నవాళ్ళ దగ్గర తీసుకోలేదు. పొట్లం మీద పడే పన్ను కూడా తనే కట్టుకుంది. పార్శిళ్ళు మళ్ళీ చేరుతున్నాయి. లాభం మునుపటిలా లేదు, ఇల్లు మాత్రం గడుస్తోంది.

ఏ సరిహద్దు పుణ్యమా అని మా ఇంట్లో పొయ్యి వెలిగిందో, అది దాటడానికే చెల్లెలు సుంకం కడుతోంది. సాయంత్రం దీపం పెట్టి దండం పెట్టుకుంటుంటే రెండూ కలిసే గుర్తొస్తాయి. అందుకే ఈయన జీతం పడగానే ఆ పొట్లాల పన్నుకి సరిపడా డబ్బు చెల్లెలికి పంపడం మొదలుపెట్టాను.

"నాకు సాయాలొద్దక్కా" అంది మొదటిసారి.

"సాయం కాదే. కొసరు."

అది ముక్కు చీదుకుని, "దీన్నీ డిక్లేర్ చెయ్యాలేమో, బావగార్ని అడుగు" అంది.