అరవై సైకిళ్ల కరెంటు

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో మా ఇండియన్ స్కూలు ఒక పాత విల్లాలో నడిచేది. బాలికల విభాగానికి గేటూ మెట్లూ వేరు. మేడ మీద, ఒకప్పుడు ఏదో కుటుంబానికి వంటగదిగా ఉన్న గదే మా ఫిజిక్స్ ల్యాబ్. వంటింటి సింకు అలాగే ఉండిపోయింది. దాని పైన గోడలో పెద్ద చప్పుడు చేసే కిటికీ ఏసీ ఒకటి.

నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. ఇండియాలో కొన్నేళ్లు సబ్‌స్టేషన్ల ఉద్యోగం కూడా చేశాను. భర్త ఉద్యోగం మీద ఆధారపడిన ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, తీసుకుని ఆ ఊరికి వచ్చాను. కుటుంబ సభ్యులకు తలకింతని నెలనెలా లెవీ కట్టాల్సి వచ్చాక ఇండియా కుటుంబాలు ఒక్కొక్కటిగా ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోసాగాయి. వాళ్లతోపాటు బాలికల ఫిజిక్స్ టీచరు కూడా వెళ్లిపోయింది. బాలికలకు మహిళలే బోధించాలన్నది అక్కడి నియమం. అందుకని ప్రిన్సిపాల్, గుంటూరు వైపు ఆవిడ, నేరుగా మా ఇంటికే వచ్చారు.

"ఇంత చదువు చదివి, ఇంట్లో మీరు మెయింటెనెన్స్ చేసేది దేన్నండీ, ఫ్రిజ్‌నా?" అన్నారు, చెప్పులు విప్పుతూనే.

అనుమతి పత్రాలు ఆవిడే తెప్పించారు. నేను చేరిన రోజునే అసలు సంగతి కూడా చెప్పారు. పిల్లలు తగ్గిపోతున్నారు కనుక వచ్చే ఏడాది నుంచి బాలికలకు పదకొండో తరగతి సైన్స్ ఎత్తేయాలని యాజమాన్యం అనుకుంటోంది. ఆవిడ వాదించి ఒక్క అవకాశం సంపాదించారు. పన్నెండో తరగతి ప్రాక్టికల్స్‌కు వేరే ఊరి నుంచి వచ్చే ఎగ్జామినర్ మా ల్యాబ్ గురించి మంచి మాట చెబితే సైన్స్ ఉంటుంది, లేకపోతే లేదు.

అది ఎవరికి ఏ మేరకు అవసరమో తల్లిదండ్రుల సమావేశంలో తెలిసింది. ఏసీ మెయింటెనెన్స్ ఫోర్‌మన్ ఒకాయన డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. పెద్దమ్మాయి నా పన్నెండో తరగతిలో, చిన్నమ్మాయి పదిలో ఉన్నారు.

"మేడం, మా కంపెనీల సౌదీలు తక్కువున్నరని నితాఖత్‌ల పసుపు రంగుకచ్చింది. రేపు ఎరుపుల పడితె ఇఖామా రెన్యువల్ గాదు. నేను ఇంకో కంపెనీ కఫీల్ దగ్గరికి మారుత తియ్యి, గది నా తిప్పలు. గని చిన్నదానికి ఈడ సైన్స్ లేదంటె తల్లిని, ఇద్దరు పిల్లలను ఇంటికి తోలుడే. పెద్దది సూడుండ్రి, గిప్పుడే 'నేను ఇంజనీర్ అయిత, నువ్వు నా కింద ఫోర్‌మన్‌వయితవ్' అంటది."

"అన్నది తప్పా నాయినా?" అంది పెద్దమ్మాయి వెనక నుంచి.

ప్రాక్టికల్స్‌లో ఒక ప్రయోగం కరెంటు ఫ్రీక్వెన్సీని కొలవడం. చెక్కపెట్టె మీద ఉక్కు తీగ బిగించి, చివర బరువు వేలాడదీసి, తీగ పైన విద్యుదయస్కాంతం ఉంచుతారు. తీగ కింద ఆనించిన రెండు చెక్కముక్కలను, అంటే బ్రిడ్జిలను, జరుపుతూ పోతే, సరైన పొడవు దగ్గర తీగ ఒక్కసారిగా కంపించి, దాని మీద పెట్టిన చిన్న కాగితపు ముక్క ఎగిరిపడుతుంది. ఆ పొడవు నుంచి కరెంటు సెకనుకు ఎన్నిసార్లు దిశ మార్చుకుని తిరిగి వస్తుందో, అంటే ఎన్ని సైకిళ్లో, లెక్కకడతారు. మొదటిసారి చేయించినప్పుడు అందరికీ చక్కగా యాభై వచ్చింది. అంత చక్కగా రావడమే నాకు నచ్చలేదు.

"కాగితం ఎక్కడ ఎగిరింది? చూపించండి."

 ఫోర్‌మన్ కూతురే నోరు విప్పింది. "అది ఎగరది మేడం. మేమే ఊదుతం."

గది గొల్లుమంది. మాన్యువల్‌లో జవాబు యాభై. దాని నుంచి వెనక్కి లెక్కకట్టి, వచ్చిన పొడవు దగ్గర బ్రిడ్జిలు పెట్టి, కాగితాన్ని ఊదడం ముందు బ్యాచ్‌ల నుంచి వస్తున్న ఆచారమట. నేను వైర్లన్నీ ఊడదీయించాను. ఎవరి సర్క్యూట్ వాళ్లే మొదటి నుంచి బిగించుకోవాలన్నాను. ఈసారి బ్రిడ్జిలు బాగా దగ్గరికి వచ్చాక గానీ కాగితం ఎగరలేదు. జవాబు అరవైకి అటూ ఇటూగా వచ్చింది. పిల్లల ముఖాలు వాడిపోయాయి.

"తప్పు ఎవరిదో తేల్చండి. మీదా, తీగదా, మాన్యువల్‌దా? ఈ గదిలోనే సాక్ష్యం ఉంది," అన్నాను.

వాళ్లు త్రాసును అనుమానించారు, తీగ మందాన్ని మళ్లీ కొలిచారు. కొంతసేపటికి ఫోర్‌మన్ కూతురు స్టూలు ఎక్కి, కిటికీ ఏసీ పక్కన కంపెనీ వివరాలు అచ్చేసిన రేకు మీది దుమ్ము తుడిచింది. "అరవై హెర్ట్జ్ అని రాసుందే! మనం ఇండియా జవాబు రాస్తున్నం, కరెంటేమో సౌదీది!"

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్‌కు విషయం చెప్పాను. "వచ్చే ఎగ్జామినర్ మనసులో యాభై అనే ఉంటుందేమోనమ్మా," అన్నారు. తర్వాత తానే తేల్చారు. "సరే. మన పిల్లలు ఎంత కొలిస్తే అంతే రాస్తారు. మాట పడాల్సి వస్తే నేను పడతాను. మీరు పాఠం చెప్పండి, చాలు."

పరీక్ష రోజు చీటీల్లో ఆ ప్రయోగం ఫోర్‌మన్ కూతురికే పడింది. ఎగ్జామినర్ కేరళ ఆవిడ, చాలా ఏళ్లుగా సౌదీలో పాఠాలు చెబుతున్న మనిషి. అరవై అన్న జవాబు చూసి కళ్లద్దాలు సరిచేసుకుని, యాభై రావాలి కదా అని ఇంగ్లీషులో అడిగింది. స్కూలు తరఫు ఎగ్జామినర్‌గా నేను పక్కనే ఉన్నాను, కానీ మాట సాయం చేసే హక్కు నాకు లేదు. సింకు అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

అమ్మాయి వాదించలేదు. బ్రిడ్జిలను యాభైకి సరిపోయే దూరానికి జరిపి కొత్త కాగితం పెట్టింది. కాగితం కదలలేదు. "మీరు జరపండి మేడం," అని పక్కకు తప్పుకుంది. ఎగ్జామినర్ తన చేత్తోనే బ్రిడ్జిని కొంచెం కొంచెంగా లోపలికి తెచ్చింది. తీగ జుమ్మంది. కాగితం ఎగిరి ఆవిడ నల్లటి అబాయా మీద పడింది. అప్పుడు అమ్మాయి ఏసీ రేకు వైపు చెయ్యి చూపింది.

ఆవిడ ఆ కాగితాన్ని వేళ్ల మధ్య పట్టుకుని కొంతసేపు చూసింది. "ఈ దేశంలో ఎన్నో స్కూళ్లలో ఈ ప్రయోగానికి మార్కులు వేశాను. అందరికీ యాభైయే వచ్చింది," అంది నెమ్మదిగా. తర్వాత ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, ఈ ల్యాబ్‌ను మూయవద్దని అక్కడికి వచ్చిన యాజమాన్యం వారి ఎదుటే చెప్పింది. ఆవిడను కారు దాకా సాగనంపి వచ్చిన ప్రిన్సిపాల్, మెట్ల మీద నన్ను చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుని, "దుమ్మండీ, హఫర్ దుమ్ము," అన్నారు.

పదకొండో తరగతి సైన్స్ నిలిచింది. ఫోర్‌మన్‌కు నితాఖత్‌లో పచ్చ రంగులో ఉన్న మరో కంపెనీకి బదిలీ దొరికింది, కుటుంబం ఉండిపోయింది. ఇంజనీరింగ్‌లో చేరడానికి ఇంటికి వెళ్లేముందు పెద్దమ్మాయి ల్యాబ్‌కు వచ్చింది. కొత్త బెంచీ మీద, తోటి పిల్లల మధ్య, ఆమె చెల్లెలు వైర్లు ముందేసుకుని కూర్చుని ఉంది.

"ఎంతొస్తదో చెప్పక్కా, జల్ది అయిపోతది."

"నాకేమెరుక? కొలువు," అంది అక్క. వెళుతూ వెళుతూ స్టూలు ఎక్కి, చెల్లెలికి జవాబు కనిపించకుండా ఏసీ పక్క రేకును తన స్కార్ఫ్ అంచుతో ఒక్క క్షణం కప్పి, నా వైపు చూసి నవ్వింది. ఉద్యోగంలో సబ్‌స్టేషన్‌లకు మొదటిసారి కరెంటు ఇచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. వాటిలో వేటికీ ఆ నవ్వుకు గర్వపడినంతగా నేను గర్వపడలేదు.