సౌండ్ అంటే ప్రాణం కదా అని డీజే పెట్టారు

నిన్న పొద్దున మిర్చి యార్డులో కాటా దగ్గర ఉండగా ఫోన్ మోగింది. కోటిగాడి భార్య సుజాత.

"అన్నయ్యా, మీ ఫ్రెండ్ వెళ్ళిపోయారు" అంది.

"ఎక్కడికమ్మా?" అన్నాను.

నిజంగానే అడిగాను. అటువైపు ఏడుపు వినపడ్డాక గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. కాఫీ తాగి, పాటలు వినే కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదట. హార్ట్ ఎటాక్.

ఇవాళ ఏడుస్తూ రాయాలి. కానీ ఒళ్ళు మండిపోతోంది. ముందు ఆ మంట కక్కేస్తాను, ఎవరికి కోపం వచ్చినా సరే.

కోటి అంటే తెలియనివాళ్ళకి చెప్తున్నా. ఒకటో క్లాసు నుంచి నా పక్క బెంచీ. పర్చూరు దగ్గర మా ఊళ్ళోనే పత్తి, మిర్చి వేసేవాడు. వాడి పిచ్చి మాత్రం ఒకటే, స్పీకర్లు.

చుట్టుపక్కల ఎవరు మ్యూజిక్ సిస్టమ్ కొనాలన్నా వీడు షాపుకి వెళ్ళాల్సిందే. పిలవకపోయినా వెళ్ళేవాడు. వెళ్ళి, కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ కలిపి తిట్టేవాడు.

అందరూ ఎన్ని వాట్స్ అని అడుగుతారు. వీడు అది అడిగేవాడు కాదు. "ఒరేయ్, ఇంట్లో రోజూ ఏం వింటావో అది చెప్పు ముందు" అనేవాడు.

షాపువాడి డెమో పాట వేస్తే ఆపించేసేవాడు. "వాడి పాటకి వాడి స్పీకర్ బాగానే ఉంటుందిరా. నీ పాట వెయ్యి."

నేను ఇల్లు కట్టుకున్నప్పుడు నా ఎత్తు ఉన్న స్పీకర్లు కొందామని వాణ్ణి గుంటూరు తీసుకెళ్ళాను. డెమో పాట వేశారు. బేస్ గుండెల మీద గుద్దింది. అబ్బో, ఇవే కావాలన్నాను.

వాడు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. అందులో మా నాన్న గొంతు.

మా నాన్న ఊరి నాటకాల్లో పద్యాలు పాడేవాడు. ఎప్పుడో టేప్‌రికార్డర్‌లో పట్టిన క్యాసెట్ ఒకటి మా ఇంట్లో ఉంటే, కోటిగాడే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాచుకున్నాడు. ఏ స్పీకర్ చూసినా వాడి పరీక్ష అదే.

పెద్దవాటిలో వేశారు. హార్మోనియం గుయ్యిమంటోంది. నాన్న గొంతు ఏదో బానలోంచి వస్తున్నట్టుంది.

తర్వాత చిన్నవి రెండు పెట్టించాడు. చూస్తే నవ్వొచ్చే సైజు. "నోరు మూసుకుని, పద్యం ఎత్తుకునే ముందు ఏముందో విను" అన్నాడు.

విన్నాను. పద్యం ఎత్తుకునే ముందు నాన్న గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్ళు. ఆ షాపులో అందరి ముందూ ఏడ్చేశాను. "బిల్లు వెయ్యండి" అన్నాడు వాడు షాపువాడితో, నన్ను చూడకుండా.

పెద్ద బేస్ అంటే వాడికి పడదనుకోకండి. మా వీధిలో డప్పు పాటలు వినే ఏడుకొండలుకి ఇంత లావు ఊఫర్ దగ్గరుండి కొనిపించాడు. "వీడికి చిన్నవి కొంటే డప్పు కాస్తా చిడతలైపోద్ది" అన్నాడు. ఎవడి సంగీతానికి తగ్గది వాడికి. అంతే వాడి లెక్క.

అలాంటివాణ్ణి నిన్న ఎలా సాగనంపారో చూడండి.

నేను ఊరికి చేరేసరికి ఇంటి ముందు డీజే బండి. ఇనప ఫ్రేములో ఇంటి ఎత్తు బాక్సులు. కిటికీ రెక్కలు అదురుతున్నాయి. ఏం పాటో కూడా తెలియట్లేదు. ఏదో సినిమా పాట, తొక్కి తొక్కి పెట్టారు.

వాడి తమ్ముడి కొడుకు హరీష్ ఎదురొచ్చాడు. ఏరా ఇది అంటే వాడేమన్నాడో తెలుసా?

"పెదనాన్నకి సౌండ్ అంటే ప్రాణం కదా అంకుల్! అందుకే ఎక్స్‌ట్రా బాక్సులు పెట్టించాం."

ఛీ. వాడు ప్రేమతోనే అన్నాడు. అదింకా అసహ్యం. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో తిరుగుతూ ఆ మనిషి చెప్పింది ఒక్క ముక్క వినలేదు వీళ్ళు.

ఆపమని పెద్దవాళ్ళని అడిగాను. "పోనీలేవయ్యా, కుర్రాళ్ళ సరదా" అన్నారు. శవం ముందు సరదా ఏంట్రా సన్నాసుల్లారా!

పాడె లేస్తుంటే సుజాత నా చెయ్యి పట్టుకుంది. ఆడవాళ్ళు శ్మశానానికి రారు కదా. "అన్నయ్యా, దింపుడు కళ్ళం దగ్గరైనా ఆ మోత ఆపించు. చెవిలో పిలిచేది ఆయనకి వినపడాలి" అంది.

సరేనన్నాను.

దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. మనిషిలో ఇంకా ప్రాణం ఏమైనా ఉందేమో, పిలిస్తే లేస్తాడేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. తలకొరివి పెట్టే హరీష్ వంగి పిలిచాడు. వాడి నోరు కదలడమే కనపడింది. వెనక బాక్సులు దడదడలాడుతున్నాయి. కుర్రాళ్ళు ఈలలేస్తూ గంతులు.

వెళ్ళి జనరేటర్ వైరు పీకేశాను.

డీజేవాడు మీదికొచ్చాడు. తోసేశాను. "మళ్ళీ పిలవరా" అని హరీష్ మీద అరిచాను. పాపం, వాడు వణికిపోతూ పిలిచాడు. "పెదనాన్నా... పెదనాన్నా... పెదనాన్నా..."

ఈసారి అందరికీ వినపడింది. పక్క చేలో మిరప కోసే ఆడవాళ్ళు కూడా ఆగి చూశారు.

నేను కోటిగాడి ముఖం దగ్గర కూర్చుని చెవి పెట్టాను. మా నాన్న ఊపిరి నాకు వినిపించినవాడు. వాడి ఊపిరి కోసం, వాడు నేర్పినట్టే, నోరు మూసుకుని విన్నాను.

ఏమీ లేదు.

పాడె మళ్ళీ లేవగానే ఎవడో వైరు పెట్టేశాడు. మళ్ళీ మోత. కాష్ఠం దాకా అదే దరిద్రం.

సాయంత్రం సుజాత ఒక్కటే అడిగింది. "వినపడేలా పిలిచారా అన్నయ్యా?"

"పిలిచారమ్మా" అన్నాను.

ఒరేయ్ కోటీ, ఇంక ఎవడి గోలా నీ దాకా రాదు. హాయిగా పడుకోరా. అక్కడ మా నాన్న కనిపిస్తే ఒక పద్యం పాడించుకో. స్పీకర్లు లేకుండా, ఎదురుగా కూర్చుని విను.