స్ట్రెచర్ పట్టేంత దారి

డ్రైవింగు నేర్పడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే ఆవిడ అసలు పేరు జనం మరిచిపోయారు. పక్క సీట్లో కూర్చుని "బ్రేకు! ముందు బ్రేకు!" అంటూ పెట్టే కేకలకి వీధి మలుపులో పడుకున్న కుక్క కూడా లేచి పక్కకి తప్పుకునేది. అలా బ్రేకమ్మ అయింది. అలా పిలిస్తే ఉడుక్కునేది కాదు. "బ్రేకు గుర్తున్నవాడు బతికి బట్టకడతాడు. నా పేరు గుర్తుంటే ఏమొస్తుంది?" అనేది.

అందరికీ బ్రేకు నేర్పే మనిషికి తన విషయంలో మాత్రం అదే ఉండేది కాదు. మనసు పడిందంటే పడ్డట్టే. బేకరీలో పనిచేసే మొగుణ్ణి కూడా, రొట్టె కొనడానికి వెళ్లి ఖాయం చేసుకొచ్చిందని చుట్టాలు ఇప్పటికీ నవ్వుకుంటారు.

వాళ్లుండే అద్దె వాటాకి కారు పెట్టుకునే చోటు లేదు. వీధిలో పెడితే వచ్చేపోయే బళ్లు ఏదో ఒక అద్దాన్ని పలకరించి పోయేవి. ఒకరోజు పాఠం చెబుతుండగా ఓ ఇంటికి 'అమ్మబడును' అన్న బోర్డు కనిపించింది. నేర్చుకునే పిల్ల చేత నడివీధిలో కారాపించి, దిగి లోపలికి వెళ్లిపోయింది. రెండు గదులు, వెలుతురొచ్చే వంటిల్లు, అన్నిటికీ మించి వెడల్పాటి గేటూ, పెరడూ. ఇల్లుగలాయన పాత రేడియోలు బాగుచేసే పెద్దమనిషి. మోకాళ్లు సహకరించక చెల్లెలి పక్క వాటాకి మారుతున్నాడట.

"రేపే బయానా ఇచ్చేద్దామండీ" అంది బ్రేకమ్మ ఇంటికి రాగానే.

"కారు కొనేముందు బానెట్టు ఎత్తి చూస్తావు కదా" అన్నాడు రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న మొగుడు, దుప్పటిలోంచి తల బయటపెట్టి. "ఇంటికుండదా బానెట్టు? ముందు లాయర్నడుగు."

లాయరు ఒకప్పుడు ఆవిడ దగ్గర డ్రైవింగు నేర్చుకున్నవాడే. ఆయన బండి నడుపుతుంటే, నడిచివెళ్లేవాళ్లు పలకరించి ముందుకెళ్లిపోయేవారు. చెప్పుల కొట్టు పైన ఆయన ఆఫీసు. గదినిండా కొత్త తోలు వాసన.

"బయానా ఇచ్చాక మనసు మారితే?" అనడిగింది బ్రేకమ్మ కుర్చీలో కూర్చోకుండానే.

"ఒప్పందంలో ఏం రాసుకున్నామన్నదాన్నిబట్టి ఉంటుంది టీచరుగారూ. అందుకే ముందు రాత, తరవాతే చెయ్యి పర్సులోకి వెళ్లాలి."

"తాళాలు ఎప్పుడిస్తారు?"

"రిజిస్ట్రేషనయ్యాక."

"వంటింట్లో మంచి అల్మారా ఉంది. అది నాదేనా?"

"రాయించుకుంటే మీది. లేకపోతే ఆయన విప్పుకుపోతుంటే మీరు చూస్తూ నిలబడాలి."

ఇల్లు ఆయనదేనా, తాకట్టు ఉందా, అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో వాటా ఉందా, అవన్నీ తను చూసుకుంటానన్నాడు. "మీరు మాత్రం ఓ పొద్దున్నే నన్నక్కడికి తీసుకెళ్లండి. కాగితాలు అన్నీ చెప్పవు."

వెళ్లారు. లాయరు తాపీగా పెరట్లో నిలబడి హద్దులు చూస్తుండగా వెనకగోడలో ఉన్న చిన్న తలుపు తెరుచుకుంది. నర్సు దుస్తుల్లో ఒకామె సైకిలు నడిపించుకుంటూ పెరడుకి అడ్డంగా వచ్చింది. వీళ్లని చూడగానే ముఖం మాడ్చుకుని, తల వంచుకుని, ముందుగేట్లోంచి వెళ్లిపోయింది.

"ఎవరండీ ఆవిడ?" అన్నాడు లాయరు.

"వెనకింటావిడ. ఏదో మంచితనం కొద్దీ పోనిస్తున్నా" అన్నాడు రేడియో పెద్దమనిషి. "మీరు కొన్నాక ఆ తలుపుకి తాళం బిగించుకోండి. అడిగేదెవరు?"

"ఎన్నాళ్లుగా నడుస్తున్నారు?"

పెద్దమనిషికి దగ్గొచ్చింది. "మా నాన్న ఉన్నప్పట్నుంచీ అనుకోండి."

బయటికొచ్చాక లాయరు ఆగాడు. "హద్దులు చూశాను, ఆవిడకి మరో దారి లేదు టీచరుగారూ. ఇది మంచితనం కాదు, హక్కే అయ్యుంటుంది. ఇల్లు చేతులు మారినా అలాంటి హక్కు ఎక్కడికీ పోదు. తాళం వేస్తే మీరే కోర్టు మెట్లెక్కాల్సొస్తుంది."

బ్రేకమ్మకి ఉత్సాహమంతా నీరుగారిపోయింది. కారు పెట్టాలనుకున్న చోటే ఆ దారి. వదిలేయమన్నాడు మొగుడు. వదలబుద్ధి కాలేదు. నర్సునే అడిగి ఎలాగోలా ఒప్పించుకుందామని సాయంత్రం బయల్దేరింది. తీరా చూస్తే, ఆవిడింటికి వెళ్లాలన్నా ఆ పెరట్లోంచే నడవాలి.

తలుపు తీసిన నర్సు గుమ్మంలోనే నిలబడిపోయింది. "దారి మూసేస్తున్నామని చెప్పడానికొచ్చారా అక్కా?"

"మూసేయడానికి కాదు, మాట్లాడదామనొచ్చా" అంది బ్రేకమ్మ.

"బోర్డు పెట్టిన దగ్గర్నుంచీ వచ్చినవాళ్లందరూ పెరడు చూసి పోతున్నారు. నా వైపు చూసినవాళ్లు లేరు. అడిగితే గొడవవుతుందేమోనని నేనూ అడగలేదు." గోడకి ఆనించి ఉన్న కొత్త నిచ్చెన వైపు చెయ్యి చూపించింది. "గోడ దూకాల్సొస్తుందేమోనని అది కూడా కొనిపెట్టుకున్నా."

యూనిఫాంలో, భుజాన సైకిలుతో ఆ మనిషి నిచ్చెనెక్కుతున్నట్టు కళ్లకు కట్టేసరికి బ్రేకమ్మకి నవ్వాగలేదు. నవ్వినందుకు సిగ్గేసి నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. అది చూసి నర్సూ ఫక్కున నవ్వేసింది. ఆ తరవాత ఇద్దరూ గడపమీదే కూలబడి మాట్లాడుకున్నారు.

"నువ్వు అడ్డంగా నడిచే బదులు గోడ వెంబడి నడిస్తే నా కారు తిన్నగా పడుతుంది" అంది బ్రేకమ్మ. "సైకిలు పట్టేంత చాలదూ?"

"స్ట్రెచర్ పట్టాలక్కా. ఎవరికి ఎప్పుడు ఏమొస్తుందో ఎవరికి తెలుసు?"

రోజూ ఆసుపత్రిలో ఉండే మనిషి మాట. కాదనడానికేముంది? దారి సరిపోతుందో లేదో చూడ్డానికి నిచ్చెననే స్ట్రెచర్‌లా పట్టుకుని, ముందొకరూ వెనకొకరూ గోడ వెంట పెరడు దాటారు. మలుపు దగ్గర ఓ పూలకుండీ పగిలింది. "కొనకముందే కూలగొడుతున్నారా!" అని కిటికీలోంచి పెద్దమనిషి కేకేశాడు.

ఆ దారి గోడ వెంబడి స్ట్రెచర్ పట్టేంత వెడల్పుండాలనీ, దానికెవరూ తాళం వెయ్యకూడదనీ లాయరు రాశాడు. రాసి నర్సు ముందు పెట్టి, "నేను టీచరుగారి తరఫు మనిషినమ్మా. మీరు వేరే లాయరుకి చూపించుకుని, అప్పుడు సంతకం పెట్టండి" అన్నాడు.

పెద్దమనిషి మాత్రం భగ్గుమన్నాడు. "ఇవన్నీ అడగనివాళ్లు ఇంకొకరున్నారు, వాళ్లకే ఇచ్చుకుంటా."

"ఇచ్చుకోండి. వాళ్లు కొన్నా నర్సుగారు నడవాల్సింది ఆ పెరట్లోంచే కదా. అప్పుడు దారి సంగతి దాచారని వాళ్లు వెతుక్కుంటూ వచ్చేది మీ దగ్గరికే" అన్నాడు లాయరు, తొణక్కుండా. రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడోరోజు ఆయనే ఫోన్ చేశాడు. కుండీ ఖరీదు మాత్రం వదల్లేదు.

రిజిస్ట్రేషనాఫీసు బెంచీమీద, రాత్రి డ్యూటీ చేసొచ్చిన మొగుడు కూర్చునే నిద్రపోయాడు. సంతకానికి పిలిచినప్పుడు కళ్లు నులుముకుంటూ లేచి, "ఇక్కడేనా?" అంటూ పక్కవాళ్ల కాగితం మీద పెట్టబోయాడు. గుమాస్తా చప్పున లాగేసుకున్నాడు.

మధ్యాహ్నానికి తాళాలు చేతికొచ్చాయి. వంటింట్లో అల్మారా ఎక్కడిదక్కడే ఉంది. ఖాళీ ఇంట్లో అడుగుల చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. బ్రేకమ్మ కిటికీ కింద నేలమీద చతికిలబడింది. అది చూసి మొగుడికి కంగారు పుట్టింది.

"ఏమైందే? ఒంట్లో బాలేదా?"

"ఏం లేదండీ. ఇక్కణ్ణుంచి లెమ్మనేవాళ్లు లేరు కదా, కాసేపు కూర్చుంటా."

ఆయన కూడా చెప్పులు విప్పి పక్కన కూర్చున్నాడు.